ముందు ఏది? అంతకన్నా ముందు, ఎవరిది?

మన కాలనీల్లో, తండాల్లో చదువుకునే పిల్లల నోట ఈమధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది: "తలకాయ పని చేయడంలేదు." పరీక్షలు దగ్గరికొచ్చాయంటారు, ఇంట్లో బాగలేదంటారు, ఫోను ఒకటే మోగుతోందంటారు. వినే పెద్దవాళ్లు రెండు రకాలుగా జవాబిస్తారు. కొందరు "నీకేం కష్టం, నీడన కూర్చుని చదువుకునేదేగా" అంటారు. చదువుకున్న కొందరు "పనులన్నీ కాగితం మీద రాసుకో, ముఖ్యమైనది ముందు చెయ్యి" అంటారు. మొదటి జవాబు పిల్లల బరువును చూడనే చూడదు. రెండోది చూస్తుంది, కానీ సగమే చూస్తుంది. ముఖ్యమైనది అంటే ఎవరికి ముఖ్యమైనది? అది తేలకుండా వరుస రాసుకోలేం. ఈ వ్యాసంలో మనం ఆ ప్రశ్ననే పట్టుకుని కొంత దూరం నడుద్దాం.

తలమీది మూట

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. పీలేరు వైపు ఒక యానాది కాలనీ నుంచి తిరుపతికి వచ్చి, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఆ కాలనీలో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. సోమవారం పొద్దున ఆమె తలలో ఉన్నవి ఇవి. గురువారం పరీక్ష. స్కాలర్‌షిప్పు కోసం బ్యాంకు ఖాతాకు ఆధార్ కలపాలి, గడువు శుక్రవారం. మామిడితోట కాపలాకు ఉన్న నాయనకు జ్వరం, ఆసుపత్రికి పోయాడో లేదో తెలియదు. మేనమామకు పింఛను ఆగింది. "అమ్మణ్ణీ, నువ్వొచ్చి ఆఫీసులో మాట్లాడితేనే అయితాది" అని రెండుసార్లు ఫోను చేశాడు. అవ్వకు రేషను మిషన్లో వేలిముద్ర పడడంలేదు. తొమ్మిది చదివే తమ్ముడు బడి మానేసి ఇటుకబట్టీకి పోతానంటున్నాడు. మెస్సు బిల్లు బాకీ ఉంది. స్నేహితురాలికి మూడు వందలు ఇవ్వాలి. కులం సర్టిఫికెట్టు అడిగిన చోట "మళ్లీ రా" అన్నారు, ఆ మళ్లీ ఎప్పుడో చెప్పలేదు.

విడివిడిగా చూస్తే వీటిలో చాలావరకు గంటలోనో పూటలోనో తేలేవే. అన్నీ ఒకేసారి ఒకే తలమీద ఉండడం దగ్గరే కష్టమంతా. పుస్తకం తెరిస్తే నాయన జ్వరం కనిపిస్తుంది. నాయనకు ఫోను చేస్తుంటే పరీక్ష గుర్తొస్తుంది. రోజంతా ఏదో ఒకటి చేస్తూనే ఉన్నట్టుంటుంది, రాత్రికి చూస్తే ఏదీ పూర్తయి ఉండదు. దానికి తోడు, తాను సోమరినేమో అన్న అనుమానం ఒకటి.

సోమరితనం కాదు. జార్జ్ మిల్లర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1956లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, మనిషి అప్పటికప్పుడు మనసులో నిలుపుకోగలిగే విషయాలు ఏడు, అటూ ఇటూ రెండు, అని లెక్క చెప్పాడు. తర్వాతి పరిశోధకులు కొందరు అది ఇంకా తక్కువ, నాలుగు దాకానే అన్నారు. ఆ అమ్మాయి తలలో మనం లెక్కపెట్టినవే తొమ్మిది. పాఠాలు వాటి పైన.

ఇంకో పరిశోధన మన పొరుగునే జరిగింది. చిత్తూరు సరిహద్దు దాటి దక్షిణానికి పోతే వచ్చే తిరువణ్ణామలై, విల్లుపురం జిల్లాల్లో 54 ఊళ్లలో 464 మంది చెరకు రైతులకు కొన్ని చిన్న పరీక్షలు పెట్టారు. ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో చేసిన ఆ పని 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. చెరకు రైతు చేతికి డబ్బు కోత తర్వాతే వస్తుంది. కోతకు ముందు నెలలు అప్పుల మీద నడుస్తాయి. చిత్తూరు బెల్లం ఊళ్లలో పని చేసినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకే రైతును కోతకు ముందు, కోత తర్వాత పరీక్షిస్తే, కోతకు ముందు ఏకాగ్రత, ఆలోచన రెండూ తగ్గి కనిపించాయి. ఆ తేడా ఎంత పెద్దది అన్నదాని మీద తర్వాత పరిశోధకుల మధ్య వాదం నడిచింది. అసలు సంగతి మాత్రం మన అనుభవానికి దగ్గరగానే ఉంది. మనిషి అదే, బుర్ర అదే. మారింది చేతిలో డబ్బు, తలమీద చింత. "ఈ పిల్లలకు బుర్ర తక్కువ" అనే మాట ఏ స్టాఫ్‌రూములో వినపడినా, ఆ రైతుల్ని గుర్తు చేయవచ్చు.

మన రోజు మన చేతిలో లేని కాలం

పనులకు వరుస పెట్టుకోవడం గురించి చెప్పే పుస్తకాలు సాధారణంగా ఒకటి అనుకుని మొదలుపెడతాయి: నీ రోజు నీదే అని. ఐసెన్‌హోవర్ పేరుతో చెలామణీ అయ్యే నాలుగు గళ్ల పద్ధతి చాలామంది ఉపాధ్యాయులకు తెలుసు. తొందర ఉన్నవి, లేనివి; ముఖ్యమైనవి, కానివి. స్టీఫెన్ కవీ 1989లో రాసిన పుస్తకం దాన్ని ప్రపంచమంతా తిప్పింది. పద్ధతి మంచిదే. కానీ సైన్యాధిపతిగా, దేశాధ్యక్షుడిగా ఉన్న మనిషికి గళ్లలోంచి ఒక పని తీసి ఇంకొకరికి ఇచ్చేయడం తేలిక. ఇచ్చేయడానికి మనిషి లేని ఇంట్లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

మన పెద్దల రోజు మీద ఇతరుల చేయి చాలా కాలం ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. అప్పుడు చిత్తూరు జిల్లా ఆ రాజధానిలోనిదే. ఆ చట్టం కింద రిజిస్టరులో పేరెక్కిన ఎరుకల మనిషి పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. బుట్టలల్లి సంతకు పోవాలా, హాజరుకు పోవాలా అన్నది ఆ మనిషి తేల్చుకునే విషయం కాదు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అయినా తోటలో, చేపల చెరువు గట్టున, బొగ్గు బట్టీ దగ్గర, ఇటుకల దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబానికి పొద్దున లేవగానే మొదటి పని ఏదో అడ్వాన్సు ఇచ్చినవాడే చెబుతాడు. నాయనకు జ్వరం వచ్చినా తోట వదిలి ఎందుకు రాలేకపోతున్నాడో ఆ అమ్మాయికి తెలుసు. ఆమె ఎంత చక్కగా జాబితా రాసుకున్నా నాయన రోజు మారదు.

అందుకే మనం జాగ్రత్తగా ఉండాలి. తలభారం తగ్గించుకునే పద్ధతులు నేర్చుకోవాలి, నేర్పాలి. కానీ అన్యాయంగా వచ్చిపడిన బరువును "నీకు ప్లానింగ్ లేదు" అని మనిషి నెత్తికే చుట్టే పనికి అవి వాడకూడదు. ఇక్కడే "ముందు ఏది" కన్నా "ఎవరిది" అన్న ప్రశ్న ముందు రావాలి.

ఎవరిది?

ఆ తొమ్మిది పనులనూ మూడు కుప్పలు చేసి చూద్దాం.

మొదటి కుప్ప ఆమె తప్ప ఇంకెవరూ చేయలేనివి. పరీక్ష ఆమే రాయాలి. ఆధార్ కలపడానికి ఆమే బ్యాంకుకు పోవాలి. స్నేహితురాలి అప్పు, మెస్సు బాకీ ఆమెవే.

రెండో కుప్ప ఇంటివాళ్లందరివీ, కాలనీ అందరివీ. నాయన జ్వరం, తమ్ముడి చదువు, అవ్వ రేషను. వీటిలో ఆమెకు భాగముంది. మొత్తం ఆమెది కాదు.

మూడో కుప్ప ఇంకొకరి బాధ్యత, ఆమె నెత్తిన వచ్చిపడినది. మామ పింఛను ఎందుకు ఆగిందో చూసి చెప్పాల్సింది ఆఫీసు. 2019 అక్టోబరు 2న మన రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు మొదలైంది ఇలాంటి పనులు ఊళ్లోనే జరగాలని. అవ్వ వేళ్లు అరిగిపోయి ముద్ర పడకపోతే వేరే దారి చూపాల్సిందీ అధికారులే. సర్టిఫికెట్టు ఇచ్చే రోజు చెప్పడం కూడా వాళ్ల పనే. చదువుకున్న ఒక పిల్ల ఉంది కాబట్టి ఈ పనులన్నీ ఆ పిల్ల దారి పట్టాయి. కాలనీకి ఆమే గుమాస్తా, ఆమే వకీలు, ఆమే బ్యాంకు. మొదటి తరం చదువరుల తలభారంలో పెద్ద వాటా ఇదే. దీన్ని పుస్తకాలు పెద్దగా పట్టించుకోవు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా తోసేసేది కాదు. "ఇది నాది, అది నీది అని గీతలు గీయడం మన పద్ధతా? చదువుకున్న పిల్ల మామ పని నాది కాదంటే, ఆ చదువు మనవాళ్లకు ఏం ఒరగబెట్టినట్టు?" ఈ ప్రశ్న అడిగే పెద్దమనిషి స్వార్థంతో అడగడు. తానూ తన బలగాన్ని మోసినవాడే.

మన పద్ధతినే అడిగి చూద్దాం. సుగాలీల పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగినవాళ్లు. ఎద్దు వీపున పెరిక వేసేటప్పుడు రెండు పక్కలా బరువు సమంగా ఉండాలి. ఒక పక్కకు వాలితే ఎద్దు వీపు పుండవుతుంది, బిడారంలో ఒక ఎద్దు తగ్గుతుంది. సాయంత్రం మజిలీలో ప్రతి ఎద్దు మీది పెరికనూ దించి, వాటినే గోడలా పేర్చుకునేవాళ్లు. బరువు దించిన ఎద్దును సోమరిదని ఎవరూ అనలేదు. పొద్దున మళ్లీ నడవాల్సింది అదే. యానాదుల్లో నలుగురు కలిసి చేపలకు పోతే దొరికింది పంచుకుంటారు. పంచుకునేది దొరికినదే కాదు, నీళ్లలో దిగడం, వల పట్టడం, గట్టున నిలబడడం కూడా. అంటే కలిసి బతకడం మన పద్ధతి అయినప్పుడు, ఒక్క తలమీదే అంతా పెట్టడం ఆ పద్ధతికి విరుద్ధమే. కాలనీలో చదువుకున్నవాళ్లు ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరు చేయాల్సిన మొదటి సాయం ఇంకో ఇద్దరికి ఆ పని నేర్పడం. పింఛను దరఖాస్తు ఎలా ఇవ్వాలో, రశీదు ఎలా అడగాలో మామ కొడుక్కి ఒకసారి దగ్గరుండి చూపిస్తే, వచ్చే ఏడాది నాలుగు ఇళ్ల పని అతను చేస్తాడు.

మామకు ఆమె చెప్పాల్సిన మాట కూడా కష్టమైనదేం కాదు. "మామా, ఈ వారం పరీక్షలుండాయి. ఆదివారం వస్తా. కాయితాలన్నీ ఒక సంచిలో పెట్టి ఉంచు. ఈలోపల తమ్ముణ్ణి సచివాలయానికి పంపించు, ఎందుకు ఆగిందో రాసిమ్మని అడగమను." ఇందులో లేదు అనే మాటే లేదు. ఎప్పుడు, ఎవరు, ఏం చేయాలో ఉంది. అయినా మామ నొచ్చుకోవచ్చు. ఏ వరుస పెట్టుకున్నా ఎవరో ఒకరు కొంత ఆగాల్సి వస్తుంది, అది బాధగానే ఉంటుంది. బాధ కలిగినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. ఈ తేడా తెలియకే చాలామంది పిల్లలు అన్నింటికీ సరేనని, దేనికీ న్యాయం చేయలేక నలిగిపోతున్నారు.

వరుస ఎలా?

ఎవరిదో తేలాక వరుస పెట్టడం మనకు కొత్తేం కాదు. పొలంలో ఎలుకలు పట్టే యానాది మనిషిని చూడండి. కలుగు కనిపించగానే పొగ పెట్టడు. ముందు చుట్టూ తిరిగి, ఎన్ని బొక్కలున్నాయో చూస్తాడు. తప్పించుకునే దారులు మూస్తాడు. అప్పుడు కుండలో గడ్డి రాజేసి పొగ ఊదుతాడు. మూయకముందే పొగ పెడితే ఊపిరంతా పోతుంది, ఎలుక ఇంకో దారిన పోతుంది. పని అంతే ఉంటుంది, వరుస తప్పితే ఫలం ఉండదు.

అలాగే పొద్దున్నే తలలో ఉన్నవన్నీ కాగితం మీదికి దించాలి. ఇది బొక్కలు లెక్కపెట్టడం లాంటిది. మధ్యలో ఆగిన పని మనసును వదలదని బ్లూమా జైగార్నిక్ 1927లోనే రాసింది. ఆ పని ఎప్పుడు, ఎలా చేస్తామో కచ్చితంగా నిర్ణయించుకుంటే చాలు, ఇంకా చేయకపోయినా అది మనసును గిల్లడం తగ్గుతుందని 2011లో మాసికాంపో, బామైస్టర్ చూపించారు. కాబట్టి "మామ పని" అని రాస్తే చాలదు. "ఆదివారం పది గంటలకు, సచివాలయం" అని రాయాలి.

రాసిన తర్వాత మూడు ప్రశ్నలు. ప్రాణానికి సంబంధించినది ఏది? అది మొదట. నాయన జ్వరం ఎన్ని రోజులదో కనుక్కుని, పక్క తోటలో ఉన్న చిన్నాయన ద్వారా ఆసుపత్రికి పంపించడం సోమవారం పొద్దునే జరగాలి. మూసుకుపోతే మళ్లీ తెరుచుకోని తలుపు ఏది? పరీక్ష, శుక్రవారం గడువు. కొన్ని రోజులు ఆగినా పెద్ద నష్టం లేనిది ఏది? మూడు వందల అప్పు. ఆ స్నేహితురాలికి ఒక మాట చెబితే సరిపోతుంది.

ఇవన్నీ పెట్టాక ఒకటి మిగిలిపోతుంది, తమ్ముడి సంగతి. దానికి గడువు లేదు. ఏ ఆఫీసూ నోటీసు ఇవ్వదు. అందుకే ఎప్పుడూ జాబితా చివర ఉంటుంది. కానీ వాడు బట్టీ అడ్వాన్సు చేతిలోకి తీసుకున్న రోజున ఆ తలుపు కూడా మూసుకుపోతుంది, అప్పటిదాకా చప్పుడు చేయదు. మోగే ఫోనుకు ముందు చోటిచ్చి, మోగని పనిని వెనక్కి నెట్టడం అందరూ చేసేదే. మన ఇళ్లలో దాని ఖరీదు ఎక్కువ. సోమవారం రాత్రే అరగంట తమ్ముడితో మాట్లాడడం, వాళ్ల క్లాసు టీచరుకు విషయం చెప్పడం, ఈ రెండూ ఆ వారంలో ఆమె చేయగలిగిన అతి ముఖ్యమైన పనులు కావచ్చు.

నిద్ర కూడా జాబితాలో రాసుకోవాలి. రాయని పనికి సమయం దొరకదు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే, బతుకు మీద విరక్తి కలిగితే, అది జాబితాతో తేలేది కాదు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఏ వేళలోనైనా తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. జ్వరానికి డాక్టరు దగ్గరికి పోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఆగే హక్కు

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు శ్రీహరికోట ఈ జిల్లాలోకి వచ్చింది. ఒకప్పుడు ఆ దీవి యానాదుల అడవి. రాకెట్ కేంద్రం కోసం దాన్ని తీసుకున్నాక చాలా కుటుంబాలు బయటికి రావాల్సి వచ్చింది. 1971లో అక్కడినుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 బయలుదేరాలి. దేశమంతా మేలుకుని చూస్తోంది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా ఒక లోపం కనిపించి లెక్కింపు ఆపేశారు. సరిచేసి వారం తర్వాత, జూలై 22న పంపారు. ఆగినందుకు రాకెట్టును ఎవరూ తిట్టలేదు. ఆగకుండా ఉంటే ఏమయ్యేదో అందరికీ తెలుసు.

అదే జిల్లాలో, ఆ దీవి వదిలి వచ్చినవాళ్ల మనవలు, మనవరాళ్లు కూడా చదువుకుంటున్నారు. వాళ్లకు "కొంచెం ఆగు, ఏదో సరిగా లేదు, చూద్దాం" అనే మనిషి ఎంతమందికి దొరుకుతున్నారు? ఉపాధ్యాయులను మేము అడిగేది ఇదే. హోంవర్కు చేయని పిల్లను నిలబెట్టే ముందు ఒక కాగితం ఇచ్చి, "నీ తలలో ఇప్పుడున్నవన్నీ రాయి" అనండి. రాసింది నలుగురి ముందు చదవకండి. దానిలో ఏ పని ఆ పిల్లది, ఏది కాదో పక్కన కూర్చుని వేరు చేయండి. వాటిలో ఒక్కటి మీ నెత్తిన వేసుకోండి. ఆఫీసుకు ఒక ఫోను, సంతకం చేసిన ఒక కాగితం, బట్టీకి పోతానంటున్న తమ్ముడి ఇంటికి ఒక సాయంత్రం. మీకు అది గంట పని. ఆ పిల్లకు వారం రోజుల బరువు.

చదువుకుంటున్న మన పిల్లలతో కూడా ఒక మాట. కాలనీని మోయాలన్న మీ కోరిక మంచిది, దాన్ని పోగొట్టుకోకండి. కానీ పెరికను రెండు పక్కలా సర్దుకుని, మజిలీలో దించుకుని మోసినవాళ్లే దేశాలు దాటారు. మీరు పోవాల్సిన దూరం చాలా ఉంది. ఈ రాత్రికి ఏది దించాలో చూసుకోండి, ఎవరి చేతికి ఇవ్వాలో అడగండి. ఆ చేయి మనలోనే ఎవరిదో ఒకరిది కావాలి. ఈ వ్యాసం చదువుతున్న మనందరం దానికి సిద్ధంగా ఉన్నామా అన్నది మనం ఒకరినొకరం అడగాల్సిన ప్రశ్న.